బొబ్బిలి కోట మీద ఎవరి అధికారం?

1757 జనవరి 24న బొబ్బిలి కోట పడిపోయింది. కథ మనకు తెలిసిందే. పొరుగున ఉన్న విజయనగరం రాజు పగబట్టాడు, ఫ్రెంచి సేనాని బుస్సీని వెంటబెట్టుకొచ్చాడు, బొబ్బిలి రాజు రంగారావు లొంగలేదు, కోటలో ఆడవాళ్లూ పిల్లలూ కూడా ప్రాణాలు పోగొట్టుకున్నారు, తాండ్ర పాపారాయుడు పగ తీర్చుకున్నాడు. ఈ మాటల్లో పెద్ద తప్పేమీ లేదు. అయితే కథను ఇంతటితో ఆపితే ఒక ప్రశ్న మిగిలిపోతుంది. అప్పటికి దక్కన్‌లోకెల్లా బలమైన సైన్యం బుస్సీ చేతిలో ఉంది. హైదరాబాద్ గద్దె మీద ఎవరు కూర్చోవాలో తేల్చినవాడు అతను. రంగారావుతో అతనికి పాత పగ ఏమీ లేదు. అలాంటివాడు అడవిలో ఉన్న ఒక మట్టికోట మీదికి స్వయంగా ఎందుకు వచ్చాడు?

దీన్ని ఇద్దరు రాజుల తగవుగానే చూస్తే జవాబు దొరకదు. విదేశీ దండయాత్రగా చూసినా దొరకదు. ఆ రోజుల్లో ఉత్తరాంధ్రలో పూర్తి అధికారం ఒక్కరి దగ్గరా లేదు. ఒకరి దగ్గర రాజముద్ర ఉంది, ఒకరి దగ్గర ఫిరంగులున్నాయి, ఒకరి దగ్గర ఊళ్ల మీద పట్టు ఉంది, ఒకరి దగ్గర కోట ఉంది. వీళ్లలో ఎవరూ మిగతావాళ్లు లేకుండా శిస్తు వసూలు చేసుకోలేరు. బొబ్బిలి యుద్ధం ఈ చిక్కుముడి లోంచి పుట్టింది.

ముద్ర దగ్గర మొదలుపెడదాం. హైదరాబాద్ మొదటి నిజాం 1748లో చనిపోయాక వారసత్వ పోరు మొదలైంది. కొడుకు నాసిర్ జంగ్ 1750 డిసెంబరులో హత్యకు గురయ్యాడు. ఆయన తర్వాత వచ్చిన ముజఫర్ జంగ్ కొద్ది వారాలకే చనిపోయాడు. అప్పుడు పక్కనే సైన్యంతో ఉన్న బుస్సీ, సలాబత్ జంగ్‌ను గద్దెనెక్కించాడు. గద్దె ఎక్కించినవాడికి జీతం ఇవ్వాలి కదా. ఖజానాలో డబ్బు లేదు. అందుకని 1753లో ఉత్తర సర్కారులు అనే కోస్తా జిల్లాలను ఫ్రెంచి దళాల ఖర్చు కింద రాసిచ్చారు. కొండపల్లి ప్రాంతమైన ముస్తఫానగరం, ఏలూరు, రాజమహేంద్రవరం, శ్రీకాకుళం అనే నాలుగు సర్కారులు ఇందులో ఉన్నాయి. కాగితం మీద ఇది చాలా పెద్ద రాజ్యం. బియ్యం, బట్టలు, రేవులు అన్నీ ఉన్న కోస్తా.

కాగితం ఉన్నంత మాత్రాన కిస్తులు, అంటే శిస్తు వాయిదాలు, రావు. శ్రీకాకుళంలో అప్పటికే ఫౌజుదారుగా, అంటే ఆ ప్రాంతపు పాలనాధికారిగా, ఉన్న జాఫర్ అలీ ఖాన్ తన చోటు వదిలిపెట్టడానికి ఒప్పుకోలేదు. విజయనగరం పూసపాటి విజయరామరాజును తనతో కలుపుకుని ఎదురు నిలిచాడు. మచిలీపట్నంలో ఫ్రెంచివాళ్ల పెద్ద మొరాసిన్ అప్పుడు యుద్ధం కంటే చవకైన దారి పట్టాడు. విజయరామరాజుకు తక్కువ మొత్తానికే ఇజారా ఇస్తానన్నాడు. రాజు పక్షం మార్చాడు. ఒంటరైన ఫౌజుదారు నాగపూర్ భోంస్లేల మరాఠా దండును పిలిచాడు. ఆ దండు వచ్చి ఊళ్లను దోచుకుని వెళ్లిపోయింది.

ఇజారా గురించి కొంచెం వివరంగా చెప్పుకోవాలి. దాని సంగతి తెలియకపోతే మిగతాదంతా పగ లాగే కనిపిస్తుంది. ఇజారాదారు ఒక పెద్ద ప్రాంతానికి ఏడాదికి ఇంత అని సర్కారుకు ఒప్పుకుంటాడు. ఆ మొత్తం కట్టాక ఊళ్ల నుంచి ఎంత రాబట్టుకుంటే అంతా అతనిది. ఆ ప్రాంతంలోని చిన్న జమీందార్లు, పాలెగాళ్లు కూడా అతని చేతుల మీదుగానే కట్టాలి. అంటే నిన్నటిదాకా సాటివాడుగా ఉన్న పొరుగు రాజు ఇవాళ్టి నుంచి తమ దగ్గర శిస్తు అడిగే అధికారి అవుతాడు. విజయరామరాజుకు రాజమహేంద్రవరం, శ్రీకాకుళం సర్కారుల ఇజారా వచ్చినప్పుడు బొబ్బిలికి జరిగింది సరిగ్గా ఇదే. రెండు వంశాలూ 17వ శతాబ్దంలో శ్రీకాకుళం ఫౌజుదారు షేర్ మహమ్మద్ ఖాన్ వెంట ఈ ప్రాంతానికి వచ్చినవేనని వంశ చరిత్రలు చెబుతాయి. ఒకేసారి వచ్చి, ఒకే దొర దగ్గర కొలువు చేసి, పక్కపక్కనే స్థిరపడ్డ రెండు ఇళ్లు ఇవి. వాటిలో ఒకటి రెండోదానికి కట్టుబడి ఉండాలని బయటివాళ్లెవరో కాగితం రాసిస్తే రెండో ఇల్లు ఎలా ఒప్పుకుంటుంది?

నీళ్ల తగవు కూడా ఉంది. ఈస్టిండియా కంపెనీ కొలువులో ఉన్న రాబర్ట్ ఓర్మ్ రాసిన యుద్ధ చరిత్రలో బొబ్బిలి ఘట్టం వస్తుంది. ఆ భాగం 1778లో అచ్చయింది. బొబ్బిలివాళ్లు విజయరామరాజు పొలాలకు వెళ్లే నీళ్లను మళ్లించేవారని అతను రాశాడు. పాటల్లో, నాటకాల్లో ఈ నీళ్ల సంగతి పగ మాటున పడిపోతుంది. కానీ వరి పండించే సీమలో కాలువ ఎవరి చేతిలో ఉంటే శిస్తు వారి చేతిలో ఉన్నట్టే. పై ఊరివాడు గండి కొడితే కింది ఊరిలో పంట ఎండుతుంది. పంట ఎండినా ఇజారాదారు సర్కారుకు ఒప్పుకున్న మొత్తం తగ్గదు. విజయరామరాజును వట్టి అసూయాపరుడిగా చూపించిన ప్రతిసారీ ఈ లెక్క మరుగున పడుతుంది. అతని వైపు న్యాయం ఉందని నేను అనడం లేదు. అవసరం మాత్రం ఉంది.

ఇక బుస్సీ సంగతి. 1756లో అతని పరిస్థితి తలకిందులైంది. హైదరాబాద్ దర్బారులో అతనికి ఎదురు పక్షం బలపడి, సలాబత్ జంగ్ చేత అతన్ని కొలువు నుంచి తీసేయించింది. బుస్సీ హైదరాబాద్ చార్‌మహల్‌లో దళాలతో బిగించుకుని కూర్చున్నాడు. తీరం నుంచి లా అనే అధికారి సాయం తీసుకురావడంతో ఆగస్టులో బయటపడి, మళ్లీ పదవి దక్కించుకున్నాడు. ఈలోగా సర్కారుల్లో అతను నియమించిన ఇబ్రహీం ఖాన్ తిరుగుబాటు చేశాడు. కిస్తులు ఆగిపోయాయి. జీతాలు అందని సైన్యం ఎన్నాళ్లు నిలుస్తుందో అతనికి బాగా తెలుసు. ఆ ఏడాది చివర అతను ఉత్తరానికి నడిచి వచ్చాడు. అందరూ చేయి వదిలేసిన ఆ సమయంలో వేల మంది జనంతో ఎదురొచ్చి అండగా నిలిచింది విజయరామరాజు. ఆ అండకు రాజు అడిగిన ధర బొబ్బిలి. బొబ్బిలివాళ్లు తన సరిహద్దు పక్కన ఉండకూడదన్నాడు.

బుస్సీ ముందుగా యుద్ధం కోరలేదు. కోట, ఊరు వదిలిపెడితే అంతకంటే ఎక్కువ విలువైన భూమి వేరేచోట ఇస్తానని రంగారావుకు కబురు పెట్టాడు. లెక్కల మనిషికి ఇది చాలా ఉదారమైన బేరంగా కనిపించి ఉంటుంది. రంగారావు వైపు నుంచి చూస్తే అది బేరమే కాదు. పాలెగాడి బలం భూమి విలువలో లేదు. చుట్టూ ఉన్న అడవిలో దారి తెలిసిన మనుషుల్లో ఉంది. తరాలుగా తమ ఇంటి అన్నం తిన్న బంట్లలో, తమ గుడిలో, తమ కోటలో ఉంది. ఇవన్నీ ఎడ్లబండి మీద వేసుకుని ఇంకో చోటికి తీసుకుపోలేడు. కొత్త చోట రెట్టింపు భూమి ఇచ్చినా అక్కడ అతను సర్కారు దయ మీద బతికే మనిషే. పాటలు మానం అని పాడినదానికి ఈ పట్టు అంతా అర్థంగా ఉంది. దాన్ని వట్టి పౌరుషంగా చూసి పెద్దవాళ్ల మొండితనం అని కొట్టిపారేసే విశ్లేషణలు నాకు నచ్చవు. మానం అనే మాట రంగారావు రాజకీయానికి చాలా కచ్చితంగా సరిపోతుంది.

ఈ మాటలు నడుస్తుండగానే బొబ్బిలి అడవుల గుండా వెళ్తున్న ఫ్రెంచి సిపాయిల చిన్న దళం మీద దాడి జరిగి కొందరు చనిపోయారు. ఈ గొడవ వెనుక విజయరామరాజు చేయి ఉందనే మాట ఓర్మ్ దగ్గర కూడా కనిపిస్తుంది. ఆ తర్వాత బుస్సీ వెనక్కి తగ్గలేదు. తగ్గితే ఆ సీమలో ప్రతి పాలెగాడూ కిస్తు ఎగ్గొడతాడు.

ఆ ప్రాంతపు కోటల తీరు ఓర్మ్ వర్ణించాడు. చదరపు ఆకారం, మూలల్లో గుండ్రటి బురుజులు, గట్టి ఎర్రమట్టితో పొరలు పొరలుగా పెట్టిన గోడలు. ఎత్తు సుమారు 22 అడుగులు. చుట్టూ దట్టమైన అడవి, అందులో వంకర టింకర దారి. బుస్సీ దగ్గర 750 మంది యూరోపియన్ సైనికులు, నాలుగు ఫిరంగులు ఉన్నాయి. విజయరామరాజు జనం 11,000. కోటలో ఆయుధం పట్టగలిగినవాళ్లు 250 మంది. తెల్లవారుతూనే బురుజుల మీద ఫిరంగులు పేల్చడం మొదలుపెట్టారు. గండ్లు పడ్డాక ఎక్కబోయిన దళాలను బొబ్బిలివాళ్లు వెనక్కి తోశారు. మళ్లీ ఫిరంగులు, మళ్లీ ఎక్కడం. మధ్యాహ్నానికి ఇక కోట నిలవదని రంగారావుకు అర్థమైంది. తన మనుషులను పోగుచేసి, ఆడవాళ్లూ పిల్లలూ శత్రువు చేతిలో పడకూడదన్నాడు. ఇళ్లకు నిప్పు పెట్టారు. బయటికి వచ్చినవాళ్లను బల్లేలతో, బాకులతో పొడిచారు. ఆ పని ముగించుకుని గోడల మీదికి తిరిగి వచ్చి చివరి మనిషి దాకా పోరాడారు. రంగారావు తుపాకి గుండు తగిలి చనిపోయాడు.

ఓర్మ్ కథనంలో నన్ను అన్నిటికంటే కలచివేసే ఘట్టం దీని తర్వాతది. ఒక ముసలివాడు ఒక పిల్లవాణ్ణి తీసుకొచ్చి ఫ్రెంచి అధికారి లాకు అప్పగించాడు. ఈ బిడ్డ రంగారావు కొడుకనీ, తండ్రి ఆజ్ఞను కాదని తాను కాపాడాననీ చెప్పాడు. తండ్రికి మారుగా ఇస్తానన్న భూమికే బుస్సీ ఆ పిల్లవాణ్ణి దొరగా నిలబెట్టాడు. పొద్దున తండ్రి కాదన్నదాన్ని సాయంత్రం కొడుకు చేతిలో పెట్టారు. మధ్యలో ఒక ఊరు ఊరంతా పోయింది.

మూడో రాత్రి విజయరామరాజు తన డేరాలోనే హత్యకు గురయ్యాడు. ఒంటి మీద 32 పోట్లు ఉన్నాయని ఓర్మ్ రాశాడు. ఇక్కడి నుంచి చరిత్ర, సాహిత్యం విడిపోతాయి. ఓర్మ్ దగ్గర ఆ పని చేసింది కోటలోనే దాక్కుని, చీకటి పడ్డాక గోడ దిగి తప్పించుకున్న నలుగురు సైనికులు. ఇద్దరు డేరాలోకి దూరారు, వాళ్లు విఫలమైతే పని పూర్తి చేయడానికి ఇద్దరు అడవిలో కాచుకుని ఉన్నారు. వాళ్లకు పేర్లు లేవు. తెలుగు కథలో ఆ పేరు తాండ్ర పాపారాయుడు. అతను రంగారావు భార్య రాణి మల్లమ్మ తోడబుట్టినవాడు, యుద్ధం నాడు రాజాంలో ఉన్నాడు, కబురు ఆలస్యంగా అందింది, వచ్చేసరికి బూడిద మిగిలింది.

ఈ తేడాను ఏది నిజం అని తేల్చే పరీక్షగా మాత్రమే చూడడం సరిపోదు. పేరు లేని నలుగురు బంట్లు చేస్తే అది స్వామిభక్తి. రాణి తోడబుట్టినవాడు చేస్తే అది ఇంటి బాకీ. చనిపోయిన రాజు పక్షాన అడగడానికి రాజ్యం లేదు, సైన్యం లేదు, దర్బారు లేదు. మిగిలింది బంధుత్వం ఒక్కటే. కథ ఆ బంధుత్వానికి బాకు ఇచ్చింది. పాడేవాళ్లు ఎవరి ఎదుట పాడుతున్నారో కూడా గుర్తుపెట్టుకోవాలి. వినేవాళ్లలో ఫర్మానాలు, ఇజారాలు తెలిసినవాళ్లు తక్కువ. అన్నదమ్ముల తగవు, పొలం గట్టు తగవు, పుట్టింటి అండ ప్రతి ఇంట్లో తెలుసు. రాజకీయం మొత్తం ఆ భాషలోకి మారింది.

పాటలో పెద్దాడ మల్లేశం పేరుతో నిలిచిన బొబ్బిలి యుద్ధ కథ, పద్యంలో దిట్టకవి నారాయణకవి రంగరాయ చరిత్ర ముఖ్యమైనవి. రెండోది 18వ శతాబ్దం చివర రాసిన కావ్యం. అంటే సంఘటన జరిగిన కొన్ని దశాబ్దాలకే, ఇంకా చూసినవాళ్లు బతికి ఉండగానే అది కావ్యమైంది. కోట గోడలకు గండ్లు కొట్టినది తెల్లవాడి ఫిరంగే అయినా, పాట కోపమంతా విజయరామరాజు మీదికి, బుస్సీ దివాను హైదర్ జంగ్ మీదికి వెళ్తుంది. హైదర్ జంగ్ లంచం తిని దొర చెవిలో లేనిపోనివి ఊదాడని కథ చెబుతుంది. లంచం సంగతి ఎలా ఉన్నా, పాటకు ఒక విషయం బాగా తెలుసు. భాష రాని పరదేశి చేతిలో అధికారం ఉన్నప్పుడు నిజమైన పట్టు మధ్యలో మాట చేరవేసేవాడిది. దుబాసీల, అంటే రెండు భాషల మధ్య మాట చేరవేసేవాళ్ల గురించి, దివాన్ల గురించి తర్వాతి చరిత్రకారులు ఎన్నో పేజీల్లో చెప్పిన సంగతిని కథకులు ఒక పాత్రతో చెప్పారు.

ఇంత చెప్పాక ఆడవాళ్ల మాట దాటవేయలేను. కోటలో ప్రాణాలు పోగొట్టుకున్న స్త్రీలను ఎవరైనా అడిగారా? ఓర్మ్ కథనంలో నిర్ణయం మగవాళ్లది, అమలు చేసింది మగవాళ్లు. ఆడవాళ్లు ఒప్పుకున్నట్టుగా అతను గొప్పగా రాశాడు గానీ, ఆ మాట చెప్పడానికి వాళ్లలో ఎవరు మిగిలారు? తెలుగు కథలో మల్లమ్మకు మాట ఉంది, ముందుచూపు ఉంది, తోడబుట్టినవాడికి కబురు పెట్టే చొరవ ఉంది. కానీ మల్లమ్మ ఒక్కతే. మిగతావాళ్లు ఒక మొత్తంగా వస్తారు, ఒక మొత్తంగా పోతారు. మానం కాపాడడం అనే మాట కింద భూమి, కోట, కిస్తు, స్త్రీ శరీరం అన్నీ ఒకే ఆస్తి పట్టీలో చేరిపోయాయి. రంగారావు ధైర్యాన్ని నేను తక్కువ చేయను. ఆ పట్టీని మాత్రం గౌరవించలేను. ఆజ్ఞను కాదని బిడ్డను ఎత్తుకొచ్చిన ఆ ముసలివాడి ధైర్యానికి ఎవరైనా ఒక కావ్యం రాసి ఉంటే బాగుండేది.

గెలిచినవాళ్ల సంగతేమిటి? విజయరామరాజు తర్వాత వచ్చిన ఆనంద గజపతిరాజు ఫ్రెంచివాళ్లతో పడలేదు. 1758లో విశాఖపట్నాన్ని వాళ్ల నుంచి లాక్కుని ఇంగ్లీషువాళ్లకు ఇస్తానన్నాడు. బెంగాల్ నుంచి క్లైవ్ పంపిన కర్నల్ ఫోర్డ్ ఆ డిసెంబరులో చందుర్తి దగ్గర ఫ్రెంచి సైన్యాన్ని ఓడించాడు. దారి పొడవునా ఫోర్డ్‌కూ రాజుకూ సైన్యం ఖర్చుల మీద తగవే. 1759 ఏప్రిల్‌లో మచిలీపట్నం పడిపోయింది. 1765లో మొగలు ఫర్మానా, 1766లో నిజాం అలీతో ఒప్పందం, సర్కారులు కంపెనీ పరం. బొబ్బిలి పడిన తొమ్మిదేళ్లకు ఆ కోట ముందు నిలబడ్డ నాలుగు అధికారాల్లో ఒక్కటీ ఆ సీమలో స్వతంత్రంగా మిగల్లేదు.

ఆ తర్వాత కంపెనీ విజయనగరాన్ని అడిగింది కూడా పాత ప్రశ్నే. పేష్కషు, అంటే కట్టాల్సిన కప్పం, ఎంత, బాకీ ఎంత, సైన్యం ఎందుకు? చిన విజయరామరాజును విజయనగరం వదిలి, పింఛను తీసుకుని మచిలీపట్నం వెళ్లి ఉండమన్నారు. బుస్సీ రంగారావుకు చెప్పిన మాటే ఇది. ఆయనా వెళ్లలేదు. 1794 జూలై 10న పద్మనాభం దగ్గర కంపెనీ దళాలతో జరిగిన పోరులో ఎందరో అనుచరులతో కలిసి చనిపోయాడు. ఆ అలజడిలో విజయనగరం పట్టు సడలినప్పుడే బొబ్బిలి సంస్థానం రంగారావు వారసుడి చేతికి తిరిగి వచ్చింది. ఇచ్చింది కంపెనీ. కొద్ది ఏళ్లలో శాశ్వత శిస్తు పద్ధతి వచ్చి రెండు సంస్థానాలకూ కట్టాల్సిన మొత్తం ఖాయమైంది.

పద్మనాభం పేరు బొబ్బిలి అంతగా ఎందుకు నాటుకోలేదనేది నన్ను చాలాకాలంగా వెంటాడే ప్రశ్న. అక్కడా చిన్న రాజు, పెద్ద సైన్యం, వెళ్లిపొమ్మన్న ఆజ్ఞ, వెళ్లని పంతం ఉన్నాయి. పైగా శత్రువు పరదేశి అని ఏ సందేహం లేకుండా తెలుస్తోంది. ఆ వంశానికి పండితుల కొరతా లేదు. 19వ శతాబ్దం చివరికి విజయనగరం తెలుగు సాహిత్యానికే పెద్ద పీట. గురజాడ అప్పారావు కన్యాశుల్కం మొదటిసారి ఆడింది 1892లో అక్కడే, అచ్చయినప్పుడు అంకితం అందుకున్నది ఆ ఇంటి తర్వాతి తరం ఆనంద గజపతిరాజే. అంత ఆదరణ ఉన్న కొలువు కూడా బొబ్బిలి కథలో తన పూర్వీకుడికి పడిన వేషం మార్చలేకపోయింది. పద్మనాభాన్ని ఊరూరా పాడించలేకపోయింది. నాకు తోచిన కారణం ఏమిటంటే, పద్మనాభంలో పగ తీర్చుకోవడానికి ఎదురుగా ఒక ముఖం లేదు. శిస్తు బాకీ మీద కౌన్సిల్ తీర్మానం, ఆ తర్వాత దళాలు. డేరాలోకి దూరి పొడవడానికి అక్కడ మనిషి లేడు, కార్యాలయం ఉంది. మన కథాసంప్రదాయం మనుషుల మధ్య అధికారాన్ని ఎంత బాగా పట్టుకుందో, దస్తావేజుల అధికారాన్ని అంతగా పట్టుకోలేకపోయింది.

సినిమాలు ఈ మొగ్గును ఇంకా పెంచాయి. 1964 నాటి బొబ్బిలి యుద్ధంలో రంగారావు పాత్రలో ఎన్టీ రామారావు, పాపారాయుడుగా ఎస్వీ రంగారావు. 22 ఏళ్ల తర్వాత, 1986లో, కృష్ణంరాజు సినిమా పేరే తాండ్ర పాపారాయుడు. కోట కాపాడలేని రాజు నుంచి పగ తీర్చే వీరుడికి నాయకత్వం మారింది. నీళ్ల కాలువ, ఇజారా, 1753 నాటి కాగితం తెర మీదికి రావడం కష్టమే, ఒప్పుకుంటాను. కానీ అవి లేకపోతే బుస్సీ చేతిలో ఫిరంగి ఉంటుంది గానీ, దాన్ని పేల్చడానికి కారణం ఉండదు.